పూజ ఆగిన అరగంట

తెయోఫిల్ గావ్రొన్‌కు మా ఊళ్ళో రెండు పనులు. పొద్దున్నే చర్చి తలుపు తీసి గంట కొట్టడం ఒకటి. మిగతా పొద్దంతా కత్తులు సానపట్టడం రెండోది. రెండూ తండ్రి నుంచి వచ్చినవే. రెంటిలోనూ పెద్దగా మాట్లాడాల్సిన అవసరం లేదు.

మా ఊరు ఓల్షినా. పోలండ్‌లో తూర్పు కొసన ఉంటుంది. నేను తెయోఫిల్ ఎదురింట్లో ఉంటాను. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాను.

సానరాయి ఆయన పెరటి కొట్టంలో ఉండేది. నీళ్ళ తొట్టి, తొట్టి మీద ఇనప ఇరుసు, ఇరుసుకు గుండ్రటి రాయి, కింద కాలితో తొక్కే పలక. రాయి అడుగున తడుస్తూ పైన కత్తిని అరగదీస్తుంది. బజారులో దొరికే ఏ మిషనూ ఆ పదును ఇవ్వదని మా ఆడవాళ్ళ నమ్మకం. క్రిస్మస్ ముందు వారం చేపల కత్తులతో కొట్టం బయటి దాకా వరస ఉండేది.

ఆ రాయి యూదుల సమాధి రాయి. ఇది రహస్యం కాదు. ఒక పక్కన అక్షరాలుండేవి. వరసలో నిలబడ్డ ప్రతివాళ్ళూ చూసేవాళ్ళు. పంతొమ్మిది వందల నలభై మూడులో, జర్మన్లు తీసుకుపోయాక ఊళ్ళో యూదులన్నవాళ్ళు ఒక్కరూ మిగలని ఏడాది, తెయోఫిల్ తండ్రి హీరోనిమ్ గుట్ట మీది వాళ్ళ శ్మశానం నుంచి దాన్ని తెచ్చి, గుండ్రంగా చెక్కి, మధ్యలో చిల్లు వేశాడు. ఆయన ఒక్కడే కాదు. ఆ గుట్ట మీది రాళ్ళు గుమ్మాలకు మెట్లయ్యాయి, బావులకు గట్లయ్యాయి, పందుల కొట్టాలకు నేలయ్యాయి. మా ఇంటి మెట్టూ అదే. అక్షరాలు కిందివైపు ఉండేవి. నేను పేరు చదవకుండా ఎవరికీ ఒక్క ఉత్తరం ఇవ్వలేదు. ఆ రాయి మీద ఎవరి పేరుందో ఒక్కసారీ తిప్పి చూడలేదు.

సానపట్టేటప్పుడు కత్తి కన్నా రాయే ఎక్కువ అరుగుతుంది. తెయోఫిల్ చిన్నప్పుడు అది బండి చక్రమంత ఉండేదట. ఆయనకు డెబ్భై దగ్గర పడేసరికి పెద్ద పళ్ళెమంత అయింది. అంచు నుంచి అక్షరాలు ఒక్కొక్కటే పోతూ వచ్చాయి.

ఫాదర్ వీట్ కొత్తగా వచ్చిన ఏడాది, జనవరి పదిహేడున యూదులతో సయోధ్య కోసం ప్రార్థన అని చర్చి తలుపుకు కాగితం అంటించాడు. మిగతా దేశంలో అప్పటికే ఆ రోజున చేస్తున్నారు. మా ఊళ్ళో అదే మొదలు. పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు దేనికోసం పూజ అయినా వచ్చేవాళ్ళు.

పూజయ్యాక మెట్ల మీద బేకరీ గెనొవెఫా ఆగి చేతి తొడుగులు వేసుకుంది.

"సయోధ్యంట. ఎవరితోనమ్మా? ఊళ్ళో వాళ్ళొక్కళ్ళయినా ఉన్నారా?"

"లేరు కనకనే సులువు," అంది తెయోఫిల్ భార్య లెయొకాదియా. "ఉన్నవాళ్ళతో చెయ్యమను చూద్దాం. నువ్వూ నీ తోటికోడలూ మాట్లాడుకుని ఎన్నేళ్ళయింది?"

"అది వేరు. అది ఇస్త్రీపెట్టె గొడవ."

మరుసటేడు ప్రార్థనకు ముప్పైమంది వచ్చారు. ప్రసంగం చివర ఫాదర్ వీట్ ఒక మాట అన్నాడు. ఎవరి ఇంట్లోనైనా గుట్ట మీది రాళ్ళుంటే ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలం ముగిసేలోగా తెచ్చి చర్చి ప్రహరీ పక్కన పెట్టమన్నాడు. ఎవరు తెచ్చారని తను అడగనన్నాడు.

ఇరవై మూడు రాళ్ళు వచ్చాయి. అన్నీ ఊరు లేవకముందే వచ్చాయి, తోపుడు బండ్ల మీద, మంచు మీద లాగే చెక్కబండ్ల మీద. ఆ వేళకు చర్చి దగ్గర ఉండేది తెయోఫిల్ ఒక్కడే. నేనూ ఒక ఉదయం మా మెట్టు తీసుకుని వెళ్ళాను. ఆయన గేటు తాళం తీస్తున్నాడు. నా బండి చక్రం కీచుమంటూ ఉంది. ఆయన తల తిప్పలేదు.

"నూనె వెయ్యి దానికి," అన్నాడు గేటుతో.

అడగనన్న ఫాదర్ వీట్ ఈస్టర్ దాటాక అడిగాడు.

"ఎవరెవరు తెచ్చారో మీరు చూసే ఉంటారు కదా, తెయోఫిల్‌గారూ?"

"పొగమంచండీ ఫాదర్."

"నలభై రోజులూనా?"

"ఈ ఏడు కాస్త ఎక్కువగా పట్టిందండీ."

వేసవిలో రాళ్ళను గుట్ట ఎక్కించి సిమెంటు పోసి నిలబెట్టాం. ఇరవై మూడూ నిలబడ్డాయి. ఇరవై నాలుగోది కొట్టంలో తిరుగుతూనే ఉంది.

ఆ శరత్కాలంలో నేను రొట్టె కత్తి పట్టుకుని వెళ్ళినప్పుడు భార్యాభర్తలిద్దరూ కొట్టంలోనే ఉన్నారు. లెయొకాదియా బకెట్టుతో తొట్టిలో నీళ్ళు పోస్తూ ఉంది.

"అందరూ ఇచ్చేశారు," అంది, నన్ను చూసి కూడా ఆపకుండా.

"వాళ్ళకది రాయి. నాకు పనిముట్టు," అన్నాడు తెయోఫిల్.

"వాళ్ళకీ మెట్టు మెట్టేగా."

"మెట్టు పోతే ఇంకో మెట్టు దొరుకుతుంది."

"ఇదిగో ఇక్కడ చూడు. పోయిన క్రిస్మస్‌కి ఇక్కడో గీత ఉంది. ఇప్పుడు లేదు. ఇంకో రెండు క్రిస్మస్‌లు అయితే నువ్వు ఇచ్చినా ఉత్త రాయే ఇస్తావు."

"కత్తి ఇవ్వవయ్యా," అన్నాడు ఆయన నాతో.

ఇచ్చాను. తొక్కాడు. రాయి తిరిగింది. గోటి మీద ఆనించి చూసి నా చేతిలో పెట్టాడు. మంచి పదును. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఆయన ఇబ్బంది నాకు తెలుసు. గంటకు కరెంటు మోటారు పెట్టిస్తానని ఫాదర్ అప్పటికే అన్నాడు. రాయి కూడా పోతే ఆయన పొద్దున లేచి చెయ్యడానికేమీ ఉండదు. పైగా ఆ రాయి చక్కగా చెక్కిన చేతుల్ని గురించి ఊరు అరవై ఏళ్ళుగా మంచిమాటే చెప్పుకుంటూ వచ్చింది. దాన్ని తీసుకుపోయి గుట్ట మీద పెడితే హీరోనిమ్ దొంగ అని కొడుకే చెప్పినట్టు. మిగతా రాళ్ళ మీద తెచ్చినవాళ్ళ పేర్లు లేవు. ఎవరి మెట్టు ఏదో పొగమంచులో కలిసిపోయింది. ఈ రాయిని చూస్తే చిన్నపిల్లలు కూడా ఎవరిదో చెప్తారు.

మూడో ఏడు ఫాదర్ వీట్ అతిథిని పిలిచాడు. పేరు ఆరోన్ గెల్బార్ట్. ఉండేది లూబ్లిన్‌లో. మందుల షాపులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన తల్లి మా ఊరిలో పుట్టింది. ఆయన బస్సు వేళ చూసి పూజ పదకొండింటికి పెట్టారు. గురువారం అయినా చర్చి నిండింది. యూదుణ్ణి దగ్గర నుంచి చూసినవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు కూడా లేరు. మిగతావాళ్ళు చూడటానికే వచ్చారు.

గెల్బార్ట్ నల్ల ఓవర్‌కోటు, బూడిదరంగు టోపీతో వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. తెయోఫిల్ కొవ్వొత్తులు వెలిగించడం ఆపి ఆయన దగ్గరికి వెళ్ళాడు. చర్చిలో మగవాళ్ళ చేత టోపీలు తీయించడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. ఒకసారి పోలీసు అధికారి చేత కూడా తీయించాడు.

"టోపీ తియ్యాలండీ."

గెల్బార్ట్ తలెత్తి చూశాడు. "చలిగా ఉందండీ."

"అందరికీ చలేనండీ."

గెల్బార్ట్ ఒక క్షణం ఆలోచించి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపలి గదిలో పూజ దుస్తులు వేసుకుంటున్న ఫాదర్ వీట్ తలుపు సందులోంచి ఇది చూశాడు. ఒక చెయ్యి దూర్చి ఒక చెయ్యి దూర్చకుండానే తెయోఫిల్‌ను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ప్రార్థన వేళ తల కప్పుకోవడం యూదుల ఆచారమని మాకు తర్వాత తెలిసింది. తెయోఫిల్ మళ్ళీ ముందు బల్ల దగ్గరికి వచ్చాడు.

"పెట్టుకోండి."

"ఇప్పుడేగా తియ్యమన్నారు."

"తియ్యమన్నది నేను. పెట్టుకోమన్నది ఫాదర్."

"మీ ఇద్దరిలో ఎవరు పెద్ద?"

తెయోఫిల్ నిజంగానే ఆలోచించాడు. "చర్చిలో ఆయనండీ," అన్నాడు.

గెల్బార్ట్ టోపీ పెట్టుకున్నాడు. వెనక బల్లల్లో ఆడవాళ్ళు ఊపిరి వదిలారు.

ఆ రోజు చదివిన సువార్త మాకందరికీ తెలిసిన భాగమే. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడికి, సోదరుడు తన వల్ల నొచ్చుకుని ఉన్నాడని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి ఆ తగువు తీర్చుకు రావాలి. వందసార్లు విన్నాం. అది విని ఎవరైనా లేచి బయటికి నడిచిన దాఖలా మా ఊళ్ళో లేదు. అలా లేస్తే పూజ సాగదు.

ప్రసంగం అయ్యాక విన్నపాలు. వాటిని చదివేది ఎప్పుడూ తెయోఫిలే. గొంతు బాగుంటుందని కాదు, మైకు ఎక్కడ కొడితే పలుకుతుందో ఆయనకే తెలుసు. ఫాదర్ వీట్ రాసిచ్చిన కాగితం జేబులోంచి తీశాడు. పొద్దునే ఇచ్చి ఉంటాడు. ముందుగా చదువుకున్నట్టు లేదు.

మొదటిది తిరుసభ కోసం, అంటే లోకంలోని మా చర్చి అంతటి కోసం. చదివాడు. "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము," అన్నాం. రెండోది అబ్రాహాము సంతానం కోసం, అక్కడా ఇక్కడా శాంతి కోసం. చదివాడు. అన్నాం.

"మూడోది," అన్నాడు. "మన ఇళ్ళలో ఉండిపోయిన మన యూదు పొరుగువాళ్ళ రాళ్ళు..."

ఆగాడు.

మైకు పాడైందేమోనని గెనొవెఫా తల ఎత్తి స్పీకరు వైపు చూసింది. తెయోఫిల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"అరగంట పడుతుంది," అన్నాడు మైకులోనే.

మెట్లు దిగి, మధ్య దారిలో నడిచి, కోటు గుండీలు పెట్టుకుంటూ పెద్ద తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు.

ఫాదర్ వీట్ బలిపీఠం దగ్గర నిలబడి ఉన్నాడు. పూజ ఆపకూడదు. విన్నపం మధ్యలో వదలకూడదు. రెండూ ఆయనకు తెలుసు. ఆర్గన్ వాయించే ఆవిడ వైపు చూశాడు. మా దగ్గర క్రిస్మస్ పాటలు ఫిబ్రవరి రెండు దాకా పాడతారు. ఆవిడ అన్నిటికన్నా పొడవైనది అందుకుంది.

లెయొకాదియా లేచింది. నా బల్ల పక్కన ఆగింది.

"ఏవయ్యా పోస్టుమాన్, ఆ మనిషి ఒక్కడే మొయ్యలేడు. లే."

మేం వెళ్ళేసరికి తెయోఫిల్ కొట్టంలో మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆదివారపు కోటు విప్పలేదు. ఇరుసు చివర నట్టు తుప్పు పట్టి కదలడం లేదు. నూనె పోసి సుత్తితో కొడుతున్నాడు.

"పూజ మధ్యలోనా?" అంది లెయొకాదియా.

"మధ్యలోనే వదిలి రమ్మన్నారుగా."

"ఆ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నావు."

"ఇప్పుడు నట్టు పట్టుకో."

నట్టు రాలేదు. చివరికి రంపంతో ఇరుసునే కోశాడు. ఆయన కొంతసేపు, నేను కొంతసేపు. మధ్యలో ఆయన ఒక్క మాటే అన్నాడు, "మా నాన్న బాగా బిగించాడు" అని. మెచ్చుకున్నాడో తిట్టాడో నాకు తెలీదు. రాయి ఊడి తొట్టిలో పడింది. ఇద్దరం లేపి మంచుబండి మీద పెట్టాం. లెయొకాదియా దాని మీద కప్పడానికి గోనెపట్టా తెచ్చింది. ఆయన వద్దన్నాడు.

వీధిలో మిట్టమధ్యాహ్నపు వెలుగు. కిటికీల దగ్గర చర్చికి రాని ముసలివాళ్ళున్నారు. మందుల షాపు మెట్ల మీద ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆయన తాడు భుజానికేసుకుని లాగాడు. నేను వెనక నుంచి తోశాను. 

మేం పెద్ద తలుపులోంచి లోపలికి వెళ్ళేటప్పటికి మూడో పాటలో తొమ్మిదో చరణం నడుస్తూ ఉంది. పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆర్గన్ ఆవిడ వెనక్కి తిరిగి ఉంది కాబట్టి ఇంకాసేపు వాయించింది.

రాయిని గెల్బార్ట్ కాళ్ళ ముందు నేల మీద దించాం. తెయోఫిల్ అక్షరాల పక్క పైకి తిప్పాడు. గెల్బార్ట్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి, చేతిరుమాలుతో తడి తుడిచాడు. చాలాసేపు చూశాడు.

"ఏముందండీ?" అన్నాడు తెయోఫిల్.

"ఒకటిన్నర మాట."

"ఏమిటవి?"

"కూతురు అని ఉంది. తర్వాత ఆమె తండ్రి పేరు. అందులో రెండక్షరాలే మిగిలాయి."

"ఆమె పేరో?"

"అది దీనికి ముందు ఉండాలి. ఇక్కడ."

గెల్బార్ట్ వేలు రాయి అంచు దాటి, జానెడు దూరంలో, గాలిలో ఆగింది.

"మరి అదంతా ఎటుపోయినట్టు?" అంది వెనక నుంచి గెనొవెఫా. ఆమె బేకరీ కత్తులు వారానికొకసారి కొట్టానికి వచ్చేవి.  ఆమె కాసేపటికి కూర్చుంది.

తెయోఫిల్ చేతులు కోటుకు తుడుచుకున్నాడు.

"మమ్మల్ని క్షమించండి. మా నాన్ననీ, నన్నూ."

"నేను క్షమించలేనండీ," అన్నాడు గెల్బార్ట్. "ఆ రాయి నాది కాదు. ఆవిడెవరో నాకు తెలీదు. క్షమించాల్సింది ఆవిడ."

"ఆవిడకి పేరు కూడా లేకుండా చేశాం కదండీ."

"అవును."

"మరెలా?"

"తెలీదు. నేను మందుల షాపులో పనిచేశాను." కళ్ళజోడు తీసి మడిచాడు. "మీ ప్రార్థన మధ్యలో ఉంది. కానివ్వండి. నాకు బస్సు రెండూ నలభైకి."

తెయోఫిల్ మెట్లెక్కి మైకు దగ్గరికి వెళ్ళాడు. కాగితం మడతలు విప్పాడు. దాని మీద ఇరుసు మురికి అంటింది. మూడోది మొదటి నుంచి చదివాడు. మన ఇళ్ళలో ఉండిపోయిన మన యూదు పొరుగువాళ్ళ రాళ్ళు వాళ్ళ చోటికి చేరాలనీ, వాళ్ళకీ మనకీ మధ్య దేవుడే మార్గం చూపాలనీ. మేం అనాల్సింది అన్నాం. అరవైమంది నోటా ఆ మాట అంత నెమ్మదిగా రావడం ఎప్పుడూ వినలేదు. నాలుగోది రోగుల కోసం.

పూజయ్యాక అందరం గుట్ట ఎక్కాం. బండి తాడు ఈసారి నలుగురు పట్టుకున్నారు. పైన గెల్బార్ట్ నిలబెట్టిన రాళ్ళ మధ్య నడిచాడు. చివరికంటా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"నాలుగు తలకిందులుగా ఉన్నాయి," అన్నాడు.

ఫాదర్ వీట్ ముఖం ఎర్రబడింది. "ఏవండీ?"

చూపించాడు. వాటిలో ఒకటి మాది. అంటే, మా మెట్టుగా ఉండేది. అది మాదని పైకే అన్నాను. అన్నాకే తెలిసింది అన్నానని. గెనొవెఫా ఇంకో రాయి దగ్గరికి నడిచి, "ఇది మాదే," అని, "మా బావి దగ్గరుండేది," అని సరిచేసుకుంది. ఆ తర్వాత కొందరు వెళ్ళి కొన్ని రాళ్ళ పక్కన నిలబడ్డారు. కొందరు ఉన్నచోటే ఉన్నారు.

నేల గడ్డకట్టి ఉంది. గొయ్యి తవ్వలేం. సానరాయిని మంచు మీద పరిచినట్టు పడుకోబెట్టాం.

"మీ వాళ్ళు పోయినవాళ్ళ కోసం ఏదైనా చదువుతారా?" అని ఫాదర్ వీట్ గెల్బార్ట్‌ను అడిగాడు.

"ఉంది. దానికి పదిమంది కావాలి."

గెనొవెఫా చుట్టూ చూసింది. "ఇక్కడ అరవైమందిమి ఉన్నాం కదండీ."

"మీరు లెక్కలోకి రారమ్మా. పదిమందీ యూదులే అవ్వాలి."

కటువుగా అనలేదు. బస్సులో సీటు లేదని కండక్టరు చెప్పినట్టు అన్నాడు. ఈ ఊళ్ళో ఎప్పుడూ లెక్కలో ఉన్నది మేమే. మేం అరవైమందిమీ అలాగే నిలబడ్డాం.

పదిమంది లేకుండా ఒక్కరే చదవదగిన కీర్తన ఒకటి ఆయన హీబ్రూలో చదివాడు. చిన్నదే. ఫాదర్ వీట్ పెదవులు కదిలాయి కానీ గొంతు కలపలేదు.

బస్సుకు ఇంకా గంట ఉంది. లెయొకాదియా ఆయన్ను ఇంటికి తీసుకువచ్చి గ్లాసులో టీ, నాలుగు ఉడికించిన గుడ్లు పెట్టింది.

"కొత్త గిన్నెలో ఉడికించానండీ. నిన్ననే కొన్నాం. మేం మాంసం వండిన గిన్నె మీకు పనికిరాదని ఫాదర్ చెప్పారు."

"శ్రమ పెట్టాను," అన్నాడు గెల్బార్ట్. గుడ్డు పెంకు తీస్తూ తెయోఫిల్ వైపు చూశాడు. "ఇక మీదట దేంతో సానపడతారు?"

"పట్టనండీ."

"జనం కత్తులు తెస్తారు కదా."

"తేరు."

గెల్బార్ట్ తలూపాడు. ఉప్పు అడిగాడు.

ఎవరూ తేలేదు. ఆ వసంతంలో సంతలో కొత్త కత్తులు బాగా అమ్ముడుపోయాయని విన్నాను. నేల మెత్తబడ్డాక నలుగురం వెళ్ళి తలకిందుల రాళ్ళను సిమెంటు పగలగొట్టి తిప్పి నిలబెట్టాం. ఏది పైనో గెల్బార్ట్ బొమ్మలు గీసి పోస్టులో పంపాడు. సానరాయికి పైనా కిందా లేదు. అది పడుకునే ఉంది.

తెయోఫిల్ ఇంకో ఆరేళ్ళు బతికాడు. గంటకు మోటారు వచ్చింది. ఆయన పొద్దునే చర్చికి వెళ్ళి మోటారు మోగుతూంటే పక్కన నిలబడేవాడు. జనవరి పదిహేడున విన్నపాలు మాత్రం ఆయనే చదివేవాడు. మూడోది దగ్గర మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆయన ఆగేవాడు కాదు. చదివి, మేం అనాల్సింది అనేదాకా ఉండి, నాలుగోదానికి వెళ్ళేవాడు.